సోడియం బ్యాటరీకి గాజు సీలు: ఎంపిక, తయారీ, పరీక్ష

సోడియం–గంధకం బ్యాటరీ, సోడియం–నికెల్ క్లోరైడ్ బ్యాటరీ రెండూ దాదాపు 300 నుంచి 350 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర పనిచేసే రీఛార్జబుల్ బ్యాటరీలు. మొదటిదానికి మూలమైన పరిశోధన 1960ల్లో అమెరికాలోని ఫోర్డ్ కంపెనీలో జరిగింది. జపాన్‌కు చెందిన ఎన్‌జీకే ఇన్సులేటర్స్ సంస్థ 2002 నుంచి దానిని వాణిజ్య స్థాయిలో తయారుచేసింది. రెండోది 1970ల చివర్లో దక్షిణాఫ్రికాలో పుట్టింది. జీబ్రా బ్యాటరీ అన్న పేరుతోనే ఎక్కువ మందికి తెలుసు. రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం వంటివి పక్కనే ఉన్నప్పుడు, పగటి కరెంటును రాత్రికి దాచిపెట్టే ఇలాంటి బ్యాటరీల మీద వరంగల్, కరీంనగర్ ప్రాంతాల ఇంజినీరింగ్ విద్యార్థులకు ఆసక్తి కలగడం సహజం. పైగా లోపల ఎలాగూ 300 డిగ్రీలుండే సెల్లుకు మే నెలలో బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా దానిని చల్లబరచడానికి ఏసీ అక్కరలేదు. మన ప్రాంతానికి ఇది కలిసివచ్చే గుణమే.

ఈ వ్యాసం ఆ బ్యాటరీలోని ఒక చిన్న భాగానికి, అంటే లోపలి సిరామిక్ గొట్టాన్ని పై కంకణంతో కలిపే గాజు సీలుకు మాత్రమే పరిమితం. పదార్థ విజ్ఞానంలో పీజీ లేదా పరిశోధన చేస్తూ, 1,450 డిగ్రీల దాకా వెళ్లే ఫర్నేసు, వేడికి పదార్థం ఎంత వ్యాకోచిస్తుందో కొలిచే డైలటోమీటరు అందుబాటులో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని దీనిని రాస్తున్నాను. ఈ పని మొదలుపెట్టేవారికి నేను మొదట చెప్పేది క్రమం గురించి. చాలా ప్రాజెక్టుల్లో ఎలక్ట్రోడు పదార్థం మీద నెలల తరబడి శ్రమించి, సీలును చివరి వారాల్లో చూసుకుందామని వదిలేస్తారు. సీలు నిలవకపోతే సెల్లే లేదు కనుక, సోడియం డబ్బా తెరవకముందే, ఎలక్ట్రోడు ఆలోచన రాకముందే ఖాళీ గొట్టానికి సీలు వేసి, వేడిచేసి, చల్లార్చి, అది నిలుస్తుందని రుజువు చేసుకోవాలి.

అతుకు ఎక్కడ పడుతుంది

సెల్లు మధ్యలో ఒక వైపు మూసివున్న గొట్టం ఉంటుంది. అది బీటా అల్యూమినాతో చేసిన సిరామిక్. ఎలక్ట్రాన్లను ఆపి, సోడియం అయాన్లను మాత్రం దాటనిస్తుంది. సోడియం–గంధకం సెల్లులో సాధారణంగా గొట్టం లోపల ద్రవ సోడియం, బయట కరిగిన గంధకం ఉంటాయి. వోల్టేజి సుమారు 2.08. నికెల్ క్లోరైడ్ సెల్లులో స్థానాలు తారుమారవుతాయి: గొట్టం లోపల నికెల్, ఉప్పు, వాటిని తడిపే సోడియం క్లోరోఅల్యూమినేట్ ద్రవం ఉంటాయి, సోడియం బయట ఉంటుంది, వోల్టేజి సుమారు 2.58.

రెండింటిలోనూ గొట్టం తెరిచిన అంచుకు ఆల్ఫా అల్యూమినా కంకణం ఒకటి తొడుగుతారు. ఆల్ఫా అల్యూమినా విద్యుత్ బంధకం కనుక ధన, ఋణ భాగాలను విడిగా ఉంచే బాధ్యత ఈ కంకణానిదే. గొట్టానికీ కంకణానికీ మధ్య అతుకే గాజు సీలు. కంకణానికీ లోహపు మూతకూ మధ్య మరో అతుకు ఉంటుంది. అక్కడ గాజు వాడాలని చాలామందికి తోస్తుంది గానీ నేను సిఫారసు చేయను. లోహానికి గాజు అంటుకోవాలంటే లోహం మీద పలుచని ఆక్సైడు పొర ఉండాలి. వేడి సోడియం తగిలితే ఆ పొరే మొదట పోతుంది. అందుకే పరిశ్రమలో ఆ అతుకును వేడి, ఒత్తిడి కలిపి ప్రయోగించి వేస్తారు: సోడియం–గంధకం సెల్లులో మధ్యన అల్యూమినియం రేకు పెట్టి, జీబ్రా సెల్లులో కంకణం మీద ముందుగా లోహపు పూత వేసి దానికి నికెల్ వలయాలను నొక్కి అతికిస్తారు. మీ దగ్గర అలాంటి ప్రెస్సు లేకపోతే మొదటి దశలో లోహపు అతుకు జోలికి పోకుండా గొట్టం–కంకణం జతనే పరిపూర్ణం చేసుకోండి.

అతుకు ఆకారం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. గొట్టం అంచు కంకణం అడుగున సమతలంగా ఆనుకొనే అతుకు కన్నా, కంకణం లోపల చిన్న మెట్టు కోయించి గొట్టం అంచు ఆ మెట్టులో కూర్చునేలా చేసిన అతుకు మేలు. గాజుకు పట్టుకొనే వైశాల్యం పెరుగుతుంది, గొట్టం వంగకుండా నిలుస్తుంది. రెండు సిరామిక్‌ల నడుమ సందు చుట్టూ సమానంగా 0.1 నుంచి 0.3 మి.మీ. లోపు ఉండేలా చూడండి. ఒకవైపు బిగుతుగా, మరోవైపు వదులుగా ఉంటే మీరు ఎంత మంచి గాజు ఎంచుకున్నా ఫలితం ఉండదు.

రసాయనం మొదట, వ్యాకోచం తరువాత

గాజు ఎంపికను వ్యాకోచ గుణకంతో మొదలుపెట్టడం వాడుక. పట్టికలో ఒక అంకె చూసి, సిరామిక్ అంకెతో సరిపోయిందని సంతృప్తి పడటం తేలిక. నేను మాత్రం రసాయనంతోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే వ్యాకోచం తప్పితే కూర్పును కొంచెం సవరించి దిద్దుకోవచ్చు. సోడియానికి లొంగే గాజును ఏ సవరణా కాపాడలేదు.

ద్రవ సోడియం బలమైన క్షయకరణి. సీసం, బిస్మత్, ఇనుము వంటి లోహాల ఆక్సైడ్లను అది తేలికగా లోహాలుగా మార్చేస్తుంది. తక్కువ వేడికే కరిగి చక్కగా అతుక్కునే సీసపు గాజులు ఎలక్ట్రానిక్స్‌లో దశాబ్దాలు రాజ్యమేలాయి గానీ, వాటికి సోడియం దగ్గర చోటు లేదు. సిలికా విషయం ఇంకొంచెం సూక్ష్మమైనది. ఆక్సిజన్ లెక్కన చూస్తే సిలికా సోడియం ఆక్సైడు కన్నా స్థిరమైనదే కనుక సోడియం దానిని తాకలేదని అనిపిస్తుంది. అయితే చర్యలో సోడియం సిలికేట్ ఏర్పడే అవకాశం ఉండటంతో తూకం మారిపోతుంది: నాలుగు సోడియం పరమాణువులు మూడు సిలికా అణువులతో కలిసి రెండు సోడియం సిలికేట్‌లను, ఒక సిలికాన్‌ను ఇస్తాయి. ఫలితంగా గాజు ఉపరితలం గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. పసుపు వెలుగు చిమ్మే పాత వీధి దీపాలను గుర్తు తెచ్చుకోండి. సోడియం ఆవిరి దీపాల తయారీదారులకు ఇదే సమస్య ఎదురైంది. అల్పపీడన దీపాల్లో గాజు గొట్టం లోపలి వైపున సిలికా తక్కువగా ఉన్న బోరేట్ గాజు పొర వేసీ, అధికపీడన దీపాల్లో అల్యూమినా గొట్టాన్ని కాల్షియం అల్యూమినేట్ గాజుతో అతికించీ వారు దానిని దాటారు. బ్యాటరీ సీలు రసాయనం చాలావరకు ఆ అనుభవానికి వారసత్వమే.

కనుక వెతకవలసిన గాజు అల్యూమినా, బోరిక్ ఆక్సైడు గణనీయంగా ఉండి, సిలికా పరిమితంగా ఉన్న అల్యూమినోబోరోసిలికేట్. దానికి కొంత సోడా (సోడియం ఆక్సైడు), కొంత సున్నం లేదా స్ట్రాన్షియం, బేరియం ఆక్సైడ్లు చేరుతాయి. ఒక్కొక్కదాని పాత్ర ఇలా ఉంటుంది. సిలికా గాజుకు అస్థిపంజరం; తగ్గిస్తే సోడియానికి తట్టుకొనే శక్తి పెరుగుతుంది గానీ స్ఫటికాలు పుట్టే భయమూ పెరుగుతుంది. బోరిక్ ఆక్సైడు కరిగే వేడిని తగ్గించి గాజును పారేలా చేస్తుంది. మోతాదు మించితే గాజు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అల్యూమినా మన్నికనిస్తుంది, స్ఫటికీకరణను అదుపులో ఉంచుతుంది, కానీ కరిగే వేడిని పెంచుతుంది. సోడా వ్యాకోచాన్ని పెంచే ప్రధాన మీట. అయితే సోడా ఎక్కువైన గాజు 350 డిగ్రీల దగ్గర స్వయంగా కొంత అయాన్ వాహకంగా మారుతుంది. విద్యుత్ బంధనం కోసం కంకణం ఉంది కదా అని దీనిని పట్టించుకోకపోతే, సీలు గుండా స్వల్పమైన లీకేజీ కరెంటు నిరంతరం ప్రవహిస్తూ గాజును లోపలి నుంచి బలహీనపరుస్తుంది. పొటాషియం లవణాలను దూరంగా ఉంచండి. పొటాషియం బీటా అల్యూమినాలోకి చొరబడి సోడియం స్థానాన్ని ఆక్రమిస్తే, దాని పెద్ద పరిమాణం వల్ల గొట్టమే పగులుతుంది.

ఇక వ్యాకోచం. ఆల్ఫా, బీటా అల్యూమినాలు రెండూ డిగ్రీకి పది లక్షల్లో 7 నుంచి 8 భాగాల దరిదాపుల్లో వ్యాకోచిస్తాయి. కిటికీ అద్దపు గాజు సుమారు 9 భాగాలు, ప్రయోగశాల బీకర్ల బోరోసిలికేట్ గాజు 3.3 భాగాలు వ్యాకోచిస్తాయి. అంటే చేతికందే గాజులు రెండూ ఈ పనికి రావు. ఒకటి అటు మించుతుంది, మరొకటి ఇటు చాలదు. తేడా ఎంత వరకు భరించవచ్చో ఒక చిన్న లెక్క చెబుతుంది. గాజు 525 డిగ్రీల దగ్గర గట్టిపడి 25 డిగ్రీలకు చల్లారిందనుకుందాం. 500 డిగ్రీల దిగుదల. వ్యాకోచ గుణకాల్లో పది లక్షల్లో ఒక్క భాగం తేడా ఉంటే, ఏర్పడే వికృతి పది లక్షల్లో 500 భాగాలు. గాజు స్థితిస్థాపక గుణకం సుమారు 70 గిగాపాస్కల్ కనుక వచ్చే ప్రతిబలం దాదాపు 35 మెగాపాస్కల్. ఉపరితలంపై సూక్ష్మమైన గీతలున్న మామూలు గాజు లాగుడుకు తట్టుకొనే స్థాయి ఇంచుమించు ఇదే. వాస్తవంలో ఈ భారం కొంత సిరామిక్ కూడా పంచుకుంటుంది గానీ, ఒక భాగానికి మించిన తేడాను అనుమతించకూడదని అర్థం చేసుకోవడానికి ఈ లెక్క చాలు.

తేడా ఉండక తప్పదనుకుంటే అది గాజు వ్యాకోచం సిరామిక్ కన్నా కాస్త తక్కువగా ఉండే వైపుకే ఉండాలి. అప్పుడు చల్లారే సమయంలో సిరామిక్ ఎక్కువగా కుంచించుకొని గాజును నొక్కి పట్టుకుంటుంది. గాజు నొక్కుడును ఎంతో భరిస్తుంది, లాగుడును భరించదు.

బ్యాచ్ లెక్క, కరిగింపు

లెక్క ఎలా కట్టాలో చూపడానికి మాత్రమే ఒక కూర్పు తీసుకుంటున్నాను; దీనిని తుది సూత్రంగా భావించవద్దు. బరువు ప్రకారం సిలికా 45, బోరిక్ ఆక్సైడు 25, అల్యూమినా 15, సోడా 10, కాల్షియం ఆక్సైడు 5 శాతం ఉన్న 100 గ్రాముల గాజు కావాలనుకుందాం. బోరిక్ ఆక్సైడును బోరిక్ ఆమ్లం రూపంలో వేస్తాం కనుక 1.776తో గుణించాలి: 44.4 గ్రాములు. సోడాకు సోడియం కార్బొనేట్ 1.710 రెట్లు, అంటే 17.1 గ్రాములు. కాల్షియం ఆక్సైడుకు కాల్షియం కార్బొనేట్ 1.785 రెట్లు, అంటే 8.9 గ్రాములు. సిలికా, అల్యూమినా యథాతథం. మొత్తం 130.4 గ్రాముల మిశ్రమం నుంచి నీరు, బొగ్గుపులుసు వాయువు రూపంలో 30.4 గ్రాములు పోయి 100 గ్రాములు మిగలాలి. మూసను (కరిగించే పాత్రను) మిశ్రమంతో సహా కరిగింపుకు ముందూ తరువాతా తూచి, 30.4 కన్నా ఎంత ఎక్కువ పోయిందో రాసుకోండి. ఆ అదనపు నష్టంలో ఎక్కువ భాగం ఆవిరైన బోరిక్ ఆక్సైడుదే.

ముడిపదార్థాల స్వచ్ఛత గురించి ఒక మాట. కరీంనగర్ గ్రానైటు క్వారీల చుట్టుపక్కల దొరికే తెల్ల చెకుముకి రాళ్లను చూసి సిలికాకు డబ్బు ఎందుకు పెట్టాలనిపించవచ్చు. చేతికందే రాయిలో ఇనుము ఎంతుందో రసాయన విశ్లేషణ లేకుండా తెలియదు, ఆ ఇనుమును సోడియం వదిలిపెట్టదు. బోరిక్ ఆమ్లం బదులు నగల పనివారు వాడే వెలిగారం వేస్తే బోరాన్‌తో పాటు సోడియం కూడా చేరుతుంది. లెక్కలో దానిని సోడా కింద తగ్గించుకొంటే తప్పు లేదు గానీ, బజారు వెలిగారం స్వచ్ఛతకు హామీ ఉండదు. ప్రయోగశాల శ్రేణి రసాయనాలే కొనండి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి కనుక పాత్రలు కడగడానికైనా చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే జరగాలి.

మిశ్రమాన్ని పొడిగా బాగా కలిపి, మొదట నెమ్మదిగా 300 డిగ్రీలు దాటించాలి. బోరిక్ ఆమ్లం 170 డిగ్రీల ప్రాంతం నుంచి దశలవారీగా నీరు వదులుతూ పొంగుతుంది. తొందరపడితే సగం మిశ్రమం మూస బయట పడుతుంది. తరువాత కార్బొనేట్లు విడిపోవడానికి 900 డిగ్రీల దగ్గర గంటసేపు ఆపి, ఆపైన 1,400–1,450 డిగ్రీలకు తీసుకెళ్లి ఒకటి రెండు గంటలు ఉంచండి. ప్లాటినం మూస ఉంటే అంతకన్నా మేలు లేదు. అల్యూమినా మూసతో పని నడుస్తుంది, కానీ దాని గోడ కొంత కరిగి గాజులో కలుస్తుందని గుర్తుంచుకొని, చివరి కూర్పును విశ్లేషణ చేయించి తెలుసుకోవాలి. కరిగిన గాజులో కొంత భాగాన్ని ముందే వేడిచేసిన స్టీలు అచ్చులో కడ్డీగా పోసి అనీలు చేయండి, అంటే లోపలి ప్రతిబలం సడలేలా నెమ్మదిగా చల్లార్చండి; అది డైలటోమీటరుకు. మిగిలినది చల్లని స్టీలు పలక మీద పోస్తే పలుకులుగా పగులుతుంది. నీటిలో పోయడం సులువే గానీ బోరాన్ ఎక్కువున్న గాజు ఉపరితలం తేమను పట్టుకొని తరువాత బుడగలకు కారణమవుతుంది.

పలుకులను జిర్కోనియా గుండ్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో బాల్ మిల్లు పట్టి, 325 మెష్ జల్లెడ, అంటే సుమారు 45 మైక్రాన్ల రంధ్రాల గుండా దాటించండి. మరీ మెత్తని పొడి వాంఛనీయం కాదు. అది తక్కువ వేడికే పైన మూసుకుపోయి లోపలి గాలిని బంధిస్తుంది. గాజు దుమ్ము, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం కనుక తగిన రెస్పిరేటరు లేకుండా ఈ పని చేయకూడదు; మూతికి రుమాలు కట్టుకుంటే సరిపోదు. పొడిని సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో దాచండి. మన దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో ఉండే తేమకు, బయట వదిలిన పొడి ఒకటి రెండు రోజుల్లోనే గడ్డకడుతుంది. బీటా అల్యూమినా గొట్టాలు కూడా తేమను పీల్చుకుంటాయి. వాడే ముందు వాటిని కాల్చి ఆరబెట్టాలి.

అతికించే ముందు మూడు కొలతలు

డైలటోమీటరు ఇచ్చే వక్రరేఖలో మీకు కావలసినవి గాజు పరివర్తన ఉష్ణోగ్రత (గట్టి గాజు బిగువు సడలడం మొదలయ్యే వేడి), పూర్తిగా మెత్తబడే ఉష్ణోగ్రత, గది వేడి నుంచి పరివర్తన దాకా సగటు వ్యాకోచం. గాజును ఒక్కదానినే కొలిచి సిరామిక్ విలువను పుస్తకం నుంచి తీసుకోవద్దు. మీ చేతిలో ఉన్న గొట్టం నుంచీ కంకణం నుంచీ ముక్కలు కోసి, అదే యంత్రంలో, అదే వేగంతో కొలిచి, మూడు రేఖలను ఒకే కాగితం మీద గీసి చూడండి. చివరి అంకెలు సరిపోయినా దారిలో రేఖలు విడిపోతే, మధ్య ఉష్ణోగ్రతల్లో పగుళ్లు వస్తాయి. పరివర్తన ఉష్ణోగ్రత 350 డిగ్రీల పని వేడి కన్నా కనీసం 100 డిగ్రీలు పైన ఉండాలి. ఇంకా పైన ఉంటే ఇంకా మంచిది.

రెండోది ఉష్ణ విశ్లేషణ. పరివర్తనకూ స్ఫటికీకరణ మొదలయ్యే వేడికీ నడుమ వెడల్పైన ఖాళీ ఉండాలి. పొడి కలిసిపోయి నిండు గాజు కాకముందే స్ఫటికాలు మొదలైతే సీలు తెల్లగా, చిల్లులతో మిగిలిపోతుంది. మూడోది తడపడం, అంటే కరిగిన గాజు సిరామిక్ మీద ఎంతవరకు పరుచుకుంటుందన్నది. గాజు పొడిని చిన్న బిళ్లగా నొక్కి, ఒకటి ఆల్ఫా మీద, ఒకటి బీటా అల్యూమినా పలక మీద పెట్టి వేడిచేస్తూ బిందువు ఆకారాన్ని గమనించండి. బిందువు అంచు పలకతో చేసే స్పర్శ కోణం 90 డిగ్రీల కన్నా తక్కువకు దిగాలి. 30–60 మధ్య ఉంటే పనికి అనుకూలం. పూర్తిగా పరుచుకుపోయే గాజు సందులో నిలవకుండా గొట్టం వెంట కారిపోతుంది. హీటింగ్ మైక్రోస్కోపు లేకపోతే ఒక్కో వేడి దగ్గర ఒక్కో బిళ్లను కాల్చి, చల్లారాక పక్క నుంచి ఫొటో తీసి కోణం కొలిచినా సరిపోతుంది.

అతికించడం

సిరామిక్ ముఖాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ తరువాత వేలి ముద్ర పడకుండా చేతి తొడుగులతోనే ముట్టుకోండి. గాజు పొడిని రెండు విధాలుగా పెట్టవచ్చు. టెర్పినాల్‌లో కరిగించిన ఇథైల్ సెల్యులోజుతో ముద్దగా చేసి పూయడం ఒకటి. కొద్దిగా బైండరు (పొడిని పట్టి ఉంచే జిగురు) కలిపి వలయంగా నొక్కి, ఆ వలయాన్ని కంకణం మెట్టు మీద కూర్చోబెట్టడం రెండోది. ఎన్నిసార్లు చేసినా ఒకే పరిమాణం పడుతుంది కాబట్టి నాకు వలయం పద్ధతే నచ్చుతుంది. నొక్కిన పొడిలో దాదాపు సగానికి దగ్గరగా గాలి ఉంటుంది కనుక సందు ఘనపరిమాణం లెక్కగట్టి, దానికి తగినంత బరువున్న వలయం చేయాలి. కరీంనగర్ వెండి తీగ పనిలో కళాకారులు టంకపు పొడిని తీగల సందులకు ఎంత కొలిచి చల్లుతారో గమనించినవారికి ఈ జాగ్రత్త కొత్తగా అనిపించదు: తక్కువైతే పట్టదు, ఎక్కువైతే పని పాడవుతుంది.

కాల్పు ఇలా సాగాలి. నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున 450–500 డిగ్రీలకు తీసుకెళ్లి గంటసేపు ఆపి బైండరు పూర్తిగా కాలిపోనివ్వండి. ఫర్నేసులో గాలి ఆడాలి. తరువాత నిమిషానికి 5 డిగ్రీల చొప్పున మీ గాజు బిందువు పరీక్షలో తేలిన అతికే వేడికి, ఈ కుటుంబపు గాజులకు సాధారణంగా 900–1,000 డిగ్రీల ప్రాంతానికి, చేరి 15–30 నిమిషాలు ఉంచండి. అంతకన్నా ఎక్కువసేపు ఉంచితే బీటా అల్యూమినా నుంచి సోడా ఆవిరవుతుంది, గాజు అల్యూమినాను కరిగించుకొని తన కూర్పును మార్చుకుంటుంది. గొట్టాన్ని మూత ఉన్న అల్యూమినా డబ్బాలో, కొంచెం బీటా అల్యూమినా పొడి తోడుగా పెడితే సోడా నష్టం తగ్గుతుంది. ఫర్నేసు తెర మీద కనిపించే అంకెను నమ్మకుండా, అతుకు పక్కనే వేడిని కొలిచే థర్మోకపుల్ మరొకటి పెట్టి చూడండి. చిన్న ఫర్నేసుల్లో మధ్యకూ మూలకూ పదుల డిగ్రీల తేడా అసాధారణం కాదు.

చల్లార్చడమే ఈ మొత్తం పనిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే భాగం. వేడి దిగుతూ పరివర్తన ఉష్ణోగ్రత కన్నా 10–20 డిగ్రీలు పైన ఉన్నప్పుడు ఆగి, గంటసేపు అనీలు చేసి, అక్కడి నుంచి 300 డిగ్రీల దాకా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున దించాలి. ఆ తరువాత ఫర్నేసు ఆపి తలుపు తెరవకుండా వదిలేయండి. వానాకాలం సాయంత్రాల్లో ఉరుములతో పాటు కరెంటు పోవడం మనకు కొత్త కాదు కనుక, కంట్రోలరు తిరిగి కరెంటు రాగానే ఆగిన చోటు నుంచి కొనసాగేలా అమర్చుకోండి. అనీలు మధ్యలో ఆగి ఫర్నేసు తనంతట చల్లారిపోయినా పగుళ్లు రాకపోతే, ఆ ముక్కను పారేయనక్కర లేదు. నెమ్మదిగా మళ్లీ అనీలు వేడికి తీసుకెళ్లి గంట ఉంచి, సరైన వేగంతో దించితే లోపలి ప్రతిబలం సడలుతుంది.

పగులు చెప్పే కారణం

బయటికి తీసిన ముక్కను ముందు మంచి వెలుతురులో, భూతద్దంతో చూడండి. గాజు మందంలో నిలువుగా, వల అల్లినట్లు పగుళ్లుంటే గాజు వ్యాకోచం ఎక్కువైంది, సోడా తగ్గించాలి. గాజు సిరామిక్ ముఖం నుంచి పెచ్చుగా లేచినా, సిరామిక్ పొరను వెంట తీసుకొని ఊడినా వ్యాకోచం మరీ తక్కువైంది. గుండ్రని బుడగలు బైండరు సరిగా కాలలేదనో పొడి తేమ పట్టిందనో చెబుతాయి. మెరుపు పోయి తెల్లబారితే స్ఫటికాలు వచ్చాయి. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో ఏ స్ఫటికమో తేల్చుకొని కూర్పు దిద్దాలి. పగులు ఒకవైపునే ఉంటే గాజును నిందించకుండా సందు కొలిచి చూడండి.

కంటికి బాగున్న ముక్కకు హీలియం లీకు పరీక్ష చేయాలి. సెకనుకు 10⁻⁹ మిల్లీబార్-లీటరు స్థాయి లీకును పసిగట్టే పరికరం దీనికి ప్రామాణికం. అది లేనప్పుడు ఫ్లోరెసెంట్ రంగు ద్రవంతో పెద్ద పగుళ్లనైనా ఏరివేయవచ్చు, కానీ ఆ ముక్కను తరువాత సోడియం పరీక్షకు వాడకండి. లీకు లేని ముక్కలను గది వేడికీ 350 డిగ్రీలకూ మధ్య నిమిషానికి 2 డిగ్రీల చొప్పున పదేపదే ఎక్కించి దించి, కొన్ని చక్రాలకోసారి లీకు చూడండి. సెల్లు నడుస్తున్నంతకాలం వేడి నిలకడగా ఉంటుంది. మరమ్మతు కోసం ఆపి చల్లార్చినప్పుడే సీలు అసలు భారం మోస్తుంది.

సోడియం పరీక్ష

ఇంతవరకు దాటిన గాజుకే సోడియం చూపించాలి, అది కూడా పూర్తి సెల్లులో కాకుండా బిళ్లల రూపంలో. ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులో, తేమ, ఆక్సిజన్ రెండూ పది లక్షల్లో ఒక భాగం కన్నా తక్కువగా ఉన్నప్పుడు, పాలిష్ చేసిన బిళ్లను సోడియంతో పాటు స్టెయిన్‌లెస్ స్టీలు గుళికలో బిగించి, 350 డిగ్రీల దగ్గర 100 గంటలు, ఆపైన 500, 1,000 గంటలు ఉంచండి. సగం మునిగేలా పెడితే ద్రవం తగిలిన భాగం, ఆవిరి తగిలిన భాగం ఒకే బిళ్ల మీద పోల్చుకోవచ్చు. తరువాత బరువు మార్పు, రంగు, అడ్డుకోతలో సోడియం చొచ్చిన లోతు చూడాలి. గోధుమ రంగు పైపొరకే పరిమితమై 500, 1,000 గంటల మధ్య లోతు పెరగకపోతే ఆ గాజుకు భవిష్యత్తు ఉంది. గంటలతో పాటు లోతు పెరుగుతూ పోతే సిలికా ఇంకా తగ్గించాలి. నికెల్ క్లోరైడ్ సెల్లు మీ లక్ష్యమైతే సుమారు 157 డిగ్రీల దగ్గర కరిగే సోడియం క్లోరోఅల్యూమినేట్‌లో కూడా ఇదే పరీక్ష విడిగా చేయాలి. సోడియానికి నిలిచిన గాజు ఆ లవణానికి నిలవాలన్న నియమం లేదు. తేమ తగిలితే ఆ లవణం హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగలు వదులుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

రెండు బ్యాటరీల సీళ్లకు ఒకే కొలబద్ద వర్తించదు. నికెల్ క్లోరైడ్ సెల్లులో సిరామిక్ పగిలితే సోడియం ముందుగా క్లోరోఅల్యూమినేట్‌తో కలిసి ఉప్పునూ అల్యూమినియాన్నీ ఇస్తుంది. సెల్లు లోపలే షార్టై, మిగతా వరుసకు తీగలా పనిచేస్తుంది. సోడియం–గంధకం సెల్లులో ఆ వెసులుబాటు లేదు, రెండు ద్రవాలు నేరుగా కలుస్తాయి. 2011 సెప్టెంబరులో జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థ త్సుకుబా కర్మాగారంలో అలాంటి బ్యాటరీ వ్యవస్థ అగ్నిప్రమాదానికి గురైన తరువాత తయారీదారు ఉత్పత్తినే కొంతకాలం ఆపవలసి వచ్చింది. కళాశాల స్థాయిలో పని మొదలుపెట్టేవారు నికెల్ క్లోరైడ్ మార్గాన్నే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

పరీక్ష ముగిసిన గుళికలను నీటి దగ్గరికి తేవద్దు. మిగిలిన సోడియాన్ని ఆర్గాన్‌లోనే చెంచాతో గీకి తీసి, పలుచని పొరను పొడి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దికొద్దిగా కరిగించండి. హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఫ్యూమ్ హుడ్ నడుస్తుండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పక్కన పొడి ఇసుక బకెట్టు, లోహపు మంటలకు వాడే డి తరగతి పొడి ఎక్స్‌టింగ్విషరు సిద్ధంగా పెట్టుకోండి. ల్యాబ్ గోడకు తగిలించి ఉండే బొగ్గుపులుసు వాయువు సిలిండరు సోడియం మంటకు పనికిరాదు. ఆ సంగతిని హుడ్ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, ఎందుకంటే ఆ క్షణంలో దానిని చేతిలోకి తీసుకొనేది మీరే కాకపోవచ్చు.